'అలైన్ అయి ప్రొసీడ్ కాగలరు' అంటే ఎవరు ఏమి చేయాలి?

పెన్న ఒడ్డు (అనంతపురం) – ఆదివారం, ఉదయం 10.20

నేను వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఫ్యాక్టరీ పేరు రాయను, దయచేసి అడగవద్దు.

గత నెల రెండో షిఫ్టులో, మూడో లైనులో బెల్టు పక్కకు జరుగుతోందని మెయింటెనెన్స్ వాళ్లకు చెప్పాం. ఎలక్ట్రీషియన్ వచ్చి కరెంటు ఆపాడు. బెల్టు కింద రోలర్ దగ్గర చేయి పెట్టి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ప్లానింగ్ విభాగం నుంచి అందరి ఫోన్లకూ ఒక మెసేజ్ వచ్చింది. అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"లైన్ 3 లాకౌట్ పెండింగ్. మెయింటెనెన్స్‌తో అలైన్ అయి ప్రొసీడ్ కాగలరు. అవుట్‌పుట్ గ్యాప్ ఈఓడీకల్లా రికవర్ చేయడం మన కలెక్టివ్ ఓనర్‌షిప్."

ఈ మూడు వాక్యాలను ఎవరు ఎలా చదువుకున్నారో చెబుతాను. మా దగ్గర ఇరవై ఏళ్లుగా ఉన్న ఒక పెద్దాయనకు 'లాకౌట్' అంటే పేపర్లో చదివిన అర్థమే తెలుసు, యాజమాన్యం ఫ్యాక్టరీకి తాళం వేయడం. మిషన్ల దగ్గర దాని అర్థం వేరు, మరమ్మతు అయ్యేదాకా స్విచ్చుకు తాళం వేసి ఉంచడం. ఆయన పని వదిలేసి, నిజమా అని కనుక్కోవడానికి క్యాంటీన్ వైపు పరుగెత్తాడు. స్విచ్ దగ్గర ఉండాల్సిన మనిషి ఆయనే. ఆయన స్థానంలో నిలబడిన కుర్రవాడు కాంట్రాక్టు మీద వచ్చి మూడు వారాలైంది. అతనికి ఆ మెసేజ్‌లో తెలిసిన మాట ఒక్కటే, 'ప్రొసీడ్'. స్విచ్ వేశాడు.

నేను షెడ్డు అవతలి కొసన ఉన్నాను. కేక వినపడింది. ఎలక్ట్రీషియన్ వేలు ఒకటి చివర నలిగి ఎముక విరిగింది, ఇంకో వేలి గోరు ఊడింది. ఇంకో జానెడు లోపల ఉండి ఉంటే చేయి పోయేది.

విచారణ రిపోర్టులో ఏమి రాశారో తెలుసా? "కమ్యూనికేషన్ గ్యాప్ వల్ల ఇన్సిడెంట్ సంభవించింది. సంబంధితులకు రీసెన్సిటైజేషన్ నిర్వహించబడింది." కుర్రవాడిని మాత్రం పనిలోంచి తీసేశారు. మెసేజ్ రాసిన వాళ్ల ప్రస్తావనే లేదు. ఎవరో ఒకరు రాశారన్న సంగతి కూడా ఆ రిపోర్టు చదివితే తెలియదు.

మీ మీ పనిచోట్ల ఇలాంటి భాష వల్ల ఏమి జరిగింది? దాన్ని ఎవరైనా మార్చగలిగారా? మా నోటీసుబోర్డు మీద రాసే మాటలైనా మార్పించాలని నిర్ణయించుకున్నాను. సాయం చేయండి.

నల్లబండ (ఎర్రగుంట్ల) – ఆదివారం, ఉదయం 10.48

ముందు ఆ ఎలక్ట్రీషియన్ ఎలా ఉన్నాడో చెప్పండి అన్నా. మాది బండలు పాలిష్ పట్టే యూనిట్. కోత మిషను దగ్గర వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇంకొకటి. కరెంటు ఆపితే సరిపోదు కదా, స్విచ్చుకు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. వేశాడా?

పెన్న ఒడ్డు – ఆదివారం, ఉదయం 11.05

ఎముక అతుక్కుంటోంది, వచ్చే నెల పనిలోకి రావచ్చన్నారు. అడిగినందుకు సంతోషం అన్నా.

తాళం వేయలేదు. రెండు తాళాలు ఉండాల్సిన పెట్టెలో ఒక్కటీ లేదు. వేసి ఉంటే ఆ మెసేజ్ ఎవరినీ ఏమీ చేయగలిగేది కాదు. అది ఇంకో తప్పు, దాని కోసం వేరుగా పోరాడుతున్నాను. కానీ తాళం లేని రోజున మనిషిని కాపాడగలిగేది మాట ఒక్కటే. ఆ రోజు ఆ మాట కూడా లేకుండా పోయింది.

మెసేజ్ రాసినాయన్ను నేను తర్వాత కలిశాను. చెడ్డవాడు కాదు. ఆయన చెప్పదలచుకున్నది "తాళం తీసేవరకు ఆగండి" అని. 'పెండింగ్' అన్న మాటకు తాళం ఇంకా వేయలేదనీ అర్థం వస్తుంది, ఇంకా తీయలేదనీ వస్తుంది. ఆ రెంటి మధ్య ఒక మనిషి చేయి ఉంది. ఇక 'ఈఓడీ' అంటే రోజు ముగిసేలోగా అని. ఎవరి రోజు? ప్లానింగ్ వాళ్ల రోజు సాయంత్రం ఆరుకు ముగుస్తుంది, మా షిఫ్టు రాత్రి పదికి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు) – ఆదివారం, మధ్యాహ్నం 12.30

జరిగింది చదివి బాధ కలిగింది. అయినా ఒక మాట చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో పద్నాలుగేళ్లుగా ఉన్నాను, ఇప్పుడు ఇంటి నుంచే పని. ప్రతి వృత్తికీ దాని మాటలు ఉంటాయి. 'రోల్‌బ్యాక్' అంటే మా బృందంలో అందరికీ ఒకటే అర్థం: కొత్తగా పెట్టిన ప్రోగ్రాము తీసేసి పాతది మళ్లీ పెట్టడం. ఆ మాట లేకపోతే అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు నాలుగు వాక్యాలు రాయాలి. మీ దగ్గర మెసేజ్ చెడ్డది. అంతమాత్రాన పరిభాష అంతా చెడ్డదని తీర్పు ఇవ్వకండి. పైగా పెద్ద సంస్థల్లో పది దేశాల వాళ్లు కలిసి పనిచేస్తారు. 'అలైన్', 'ఓనర్‌షిప్' వంటివి అందరికీ తెలిసిన మాటలే.

ధర్మవరం మగ్గం – ఆదివారం, మధ్యాహ్నం 1.15

బురుజు అన్నా, 'రోల్‌బ్యాక్' గురించి మీరు చెప్పింది నిజం. 'ఓనర్‌షిప్' గురించి చెప్పింది మాత్రం నేను ఒప్పుకోను.

మా ఇంట్లో మూడు తరాలుగా పట్టుచీరలు నేస్తున్నాం. పడుగు, పేక, నాడె, కండె, జకార్డు అట్టలు... బయటివాళ్లకు ఇవి అర్థం కావు. కానీ మా నాన్న "పడుగులో పోగు తెగింది" అన్నాడంటే నా చేయి నేరుగా అక్కడికి వెళుతుంది. వేల పోగుల్లో ఒకటి తెగింది, దాన్ని వెతికి అతకాలి, అతికేదాకా నాడె ఆడకూడదు. ఇవన్నీ ఆ మూడు మాటల్లో ఉన్నాయి. చూపించమంటే వేలుపెట్టి చూపించగలను.

'కలెక్టివ్ ఓనర్‌షిప్' అన్నప్పుడు చేయి ఎక్కడికి వెళ్లాలి? వేలుపెట్టి దేన్ని చూపించాలి? నేను రెండేళ్లు ఒక దుస్తుల దుకాణాల సంస్థలో కొనుగోలు విభాగంలో చేశాను. అక్కడ నేతగాళ్లకు డబ్బు ఆలస్యమైతే "పేమెంట్ సైకిల్ రీకాలిబ్రేట్ అవుతోంది" అని చెప్పమనేవాళ్లు. నేను చెప్పాను కూడా. ఎదురుగా కూర్చున్నాయన మా నాన్న వయసువాడు. "అంటే ఎప్పుడు బాబూ?" అని ఒక్క మాట అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ మాటను తయారుచేసిందే 'ఎప్పుడు' అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండటానికని ఆ రోజు అర్థమైంది. నెల తిరక్కుండా ఆ ఉద్యోగం మానేశాను.

నల్లబండ – ఆదివారం, మధ్యాహ్నం 1.22

"అంటే ఎప్పుడు బాబూ?" ఈ ప్రశ్న ప్రతి ఆఫీసు గోడ మీదా రాసిపెట్టాలి.

గుత్తి కోట – ఆదివారం, సాయంత్రం 5.40

వైమానిక దళంలో ఇరవై ఏళ్లు గ్రౌండ్ సిబ్బందిగా చేసి రిటైర్ అయ్యాను. బురుజు, మగ్గం ఇద్దరి మాటలకూ కలిసే ఒక ఉదంతం చెబుతాను. విమానాలకు సంబంధించిన పనిలో ఉన్నవాళ్లలో చాలామందికి ఇది తెలుసు.

1990 జనవరి 25. ఏవియాంకా 52వ నంబరు విమానం కొలంబియాలోని మెడెలిన్ నుంచి న్యూయార్క్ వస్తోంది. అక్కడ వాతావరణం బాగా లేదు. గంటకు పైగా గాలిలోనే చక్కర్లు కొట్టించారు. ఇంధనం అడుగంటుతోందని కాక్‌పిట్‌లో అందరికీ తెలుసు. కంట్రోలర్లతో 'ప్రాధాన్యం' కావాలన్నారు. తర్వాత ఇంధనం అయిపోతోందని కూడా అన్నారు. 'ఎమర్జెన్సీ' అన్న మాట మాత్రం కంట్రోలర్లకు చేరలేదు. కెప్టెన్ చెప్పమన్నాడు, కో పైలట్ చెప్పేశానని ఆయనతో అన్నాడు. ఒకసారి దిగడానికి ప్రయత్నించి కుదరక మళ్లీ పైకి లేచారు. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లాంగ్ ఐలాండ్‌లో కోవ్ నెక్ అనే చోట కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. ఇంధనం లేదు కాబట్టి మంట కూడా అంటుకోలేదు.

చూడండి, 'ప్రాధాన్యం' అన్నది మామూలు మాటే, ఎవరికైనా తెలిసిన మాటే. కానీ కాక్‌పిట్‌లో దాని అర్థం ఒకటి, కింద కంట్రోల్ గదిలో ఇంకొకటి. 'ఎమర్జెన్సీ' అయితే రెండు వైపులా ఒకే అర్థం, విన్న క్షణంలో దారి ఖాళీ చేసేవాళ్లు. కాబట్టి వృత్తి పదం ఉండటం తప్పు కాదు. చెప్పేవాడి మనసులోనూ వినేవాడి మనసులోనూ ఒకే బొమ్మ కట్టని మాట తప్పు, అది ఏ భాషదైనా.

విమానాల దగ్గర దీనికొక అలవాటు ఉంది. ఆదేశం విన్నవాడు దాన్ని తిరిగి పలకాలి. పలికింది తప్పయితే అక్కడే దిద్దుతారు. 'సరే', 'అలాగే' అంటే చాలదు. మీ ఫ్యాక్టరీలో ఆ కుర్రవాడిని "నీకేమి అర్థమైందో చెప్పు" అని ఎవరైనా అడిగి ఉంటే "స్విచ్ వేయమన్నారు" అనేవాడు. అక్కడితో ఆగిపోయేది.

హంద్రీ (కర్నూలు) – ఆదివారం, రాత్రి 9.10

గుత్తి కోట సార్, మా ఆసుపత్రిలోనూ అదే పద్ధతి. నేను స్టాఫ్ నర్సుని. డాక్టరు ఫోనులో మందు చెబితే మొదట రాసుకోవాలి, తర్వాత రాసింది చదివి వినిపించాలి, ఆయన అవునన్నాకే ఇవ్వాలి. రద్దీ రోజుల్లో చాలా వార్డుల్లో ఇది సగంలో ఆగిపోతుందని ఒప్పుకోవాలి.

పొట్టి రాతల గురించి ఒకటి చెబుతాను. ఇన్సులిన్ మోతాదు యూనిట్లలో ఉంటుంది. దాన్ని ఇంగ్లీషు 'యు' అక్షరం ఒక్కటే పెట్టి రాస్తే, చేతిరాతలో అది సున్నాలా కనిపిస్తుంది. 10 యూనిట్లు కాస్తా 100 అయిపోతుంది. అలాగే 1 అని రాయాల్సిన చోట 1.0 అని రాస్తే, చుక్క సరిగా పడకపోతే 10 అవుతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే ఇలాంటి పొట్టి రాతలు వాడకూడదని ఒక జాబితా ఇచ్చింది. 'యు' అక్షరమూ, చివరి సున్నా రెండూ అందులో ఉన్నాయి. 'యూనిట్లు' అని పూర్తిగా రాయడానికి పట్టేది రెండు సెకన్లు.

నాకు పని నేర్పిన పెద్ద సిస్టర్ ఇది నాతో ఒక నోటుబుక్కు నిండా రాయించారు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు నా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలతో నేనూ రాయిస్తున్నాను.

తెలుగుతోట (నంద్యాల) – సోమవారం, ఉదయం 7.30

దీనికంతటికీ మూలం ఇంగ్లీషు. అన్నిటికీ తెలుగు మాటలే పెడితే సమస్య తీరుతుంది. కన్వేయర్ బెల్టును 'వాహక పట్టిక' అనవచ్చు, స్విచ్చును 'విద్యుత్ సంధాయకం' అనవచ్చు. పెన్న ఒడ్డు గారు తమ బోర్డు మీద ఇలా రాయించాలని నా మనవి.

పెన్న ఒడ్డు – సోమవారం, ఉదయం 7.52

మీ అభిమానం అర్థమైంది అండీ. కానీ మా దగ్గర దాన్ని అందరూ 'బెల్టు' అనే పిలుస్తారు, ఊడ్చే ఆమె దగ్గర నుంచి మేనేజరు దాకా. 'విద్యుత్ సంధాయకం ముట్టవద్దు' అని రాస్తే ఆ కుర్రవాడు మళ్లీ స్విచ్ వేస్తాడు.

బ్రౌన్ బంగళా (కడప) – సోమవారం, ఉదయం 11.15

ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైర్ అయినవాణ్ణి. తెలుగుతోట గారూ, మీలాగే నాకూ భాష మీద ప్రాణం. అందుకే మిమ్మల్ని కాదంటున్నాను.

ఈ జబ్బు ఇంగ్లీషుతో మొదలవలేదు. బ్రౌన్ దొర 1820లో మా కడపకు కలెక్టరు సహాయకుడిగా వచ్చాడు. కచేరీల్లో నడిచే తెలుగు అప్పటికే పారసీ, హిందూస్తానీ మాటలతో నిండి ఉంది. ఆయన 1852లో అచ్చువేసిన పెద్ద తెలుగు నిఘంటువు అందరికీ తెలుసు. అది చాలక, తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాల కోసం 1854లో ఇంకో నిఘంటువు విడిగా వేయాల్సి వచ్చింది. తాను పెట్టుకున్న అర్జీ మీద కచేరీలో ఏమి రాశారో తెలియక, చదివి చెప్పేవాడికి డబ్బులిచ్చుకున్న రైతును ఊహించుకోండి. తర్వాత పారసీ పోయి ఇంగ్లీషు వచ్చింది. 1966లో అధికార భాషా చట్టం వచ్చి తెలుగులో ఉత్తర్వులు మొదలయ్యాక, ఆ తెలుగు సంస్కృత సమాసాలతో బిగుసుకుపోయింది. మాటలు మారుతూ వచ్చాయి. బల్లకు ఇవతల నిలబడినవాడి అవస్థ అలాగే ఉంది.

అయితే నాకు మాటల కంటే క్రియ ముఖ్యం అనిపిస్తుంది. పెన్న ఒడ్డు బాబు ఇచ్చిన రిపోర్టు మళ్లీ చదవండి. 'రీసెన్సిటైజేషన్ నిర్వహించబడింది.' రీసెన్సిటైజేషన్ అన్న మాట తీసేసి 'అవగాహన నిర్వహించబడింది' అన్నా రోగం అలాగే ఉంటుంది. ఎవరు నిర్వహించారు? మన తెలుగులో క్రియ చివరే చేసినవాణ్ణి పట్టిస్తుంది. 'చేశాను' అంటే నేను, 'చేశాడు' అంటే అతడు, 'చేశారు' అంటే వారు. ఇంత చక్కని సదుపాయం ఉన్న భాషలోకి 'చేయబడింది' తెచ్చి పెట్టుకున్నాం. 'తగు చర్యలు తీసుకొనబడును', 'మీ దరఖాస్తు పరిశీలించబడుచున్నది', 'సేవలు నిలిపివేయబడినవి'. ఇంట్లో ఎవరైనా 'అన్నం వండబడింది' అంటారా? అమ్మ వండితే అమ్మ వండింది అంటాం.

తరగతిలో పిల్లలకు ఒక పని ఇచ్చేవాణ్ణి. ప్రభుత్వ నోటీసు ఒకటి తెచ్చి, 'బడు' ఉన్న ప్రతిచోటా దాన్ని కొట్టేసి కర్తను పెట్టమనేవాణ్ణి. సగం చోట్ల పిల్లలు పెన్ను ఆపేసేవారు. 'ఎవరో తెలియడం లేదు సార్' అనేవారు. అక్కడ ప్రశ్నార్థకం పెట్టమనేవాణ్ణి. పీరియడ్ అయ్యేసరికి ఆ నోటీసు నిండా ప్రశ్నార్థకాలే.

చేనిగట్టు (కళ్యాణదుర్గం) – సోమవారం, రాత్రి 8.25

మాస్టారూ, మీ ప్రశ్నార్థకాల పద్ధతి ఈ రోజే మా శాఖకు వచ్చిన సర్క్యులర్ మీద చేసి చూశాను. రెండు పేజీల్లో పదిహేడు వచ్చాయి.

నేను పల్లె బ్యాంకు శాఖలో చేస్తాను. మొన్న ఒక అవ్వ వచ్చింది. చేతిలో ఉత్తరం, కొంగుకు ముడివేసిన పాసుపుస్తకం. ఉత్తరంలో ఉన్నది ఇది: "మీ ఖాతా ఇనాపరేటివ్‌గా వర్గీకరించబడినది. రీయాక్టివేషన్ నిమిత్తం కేవైసీ సమర్పించగలరు." ఎవరో చదివి 'నీ ఖాతా పోయింది' అన్నారట. ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లవారగానే మొదటి బస్సుకు వచ్చి, మేము షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది.

జరిగిందల్లా ఇంతే: రెండేళ్లకు పైగా ఆమె ఆ ఖాతాలో వేయలేదు, తీయలేదు. అలా ఉంటే దాన్ని వాడుకలో లేని ఖాతాగా రాయాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. డబ్బు ఎక్కడికీ పోదు, వడ్డీ కూడా పడుతూనే ఉంటుంది. ఆధార్ కార్డు తెచ్చి సంతకం పెడితే మళ్లీ మామూలే. ఈ ముక్క ఉత్తరంలో మొదటి వాక్యంగా ఉంటే ఆమె పొలం పని చూసుకుని తీరిగ్గా వచ్చేది.

అదే అవ్వకు 'అడంగల్', '1బి', 'ఫసలీ' వంటి పొలం కాగితాల మాటల గురించి మాత్రం నాకంటే బాగా తెలుసు! అవీ కచేరీ మాటలే. పొలం ఎవరి సాగులో ఉందో చెప్పే కాగితం అడంగల్ అని తరతరాలుగా చేతికి తగిలి తెలిసింది కాబట్టి అది ఆమెకు బరువు కాదు. ఎక్కడి నుంచి వచ్చిన మాట అన్నది కాదు చూడాల్సింది. ధర్మవరం తమ్ముడు చెప్పినట్టు వేలుపెట్టి చూపించగలిగితే చాలు.

మా లోపలి సంగతి కూడా చెప్పాలి. మాకు పైనుంచి వచ్చే భాష ఆ ఉత్తరంలాంటిదే. 'కస్టమర్ ఎంగేజ్‌మెంట్ తీవ్రతరం చేయగలరు' అంటే బీమా పాలసీలు అంటగట్టమని. ఆ మాట తెలుగులో అలాగే రాయాల్సి వస్తే రాసేవాళ్లకే సిగ్గు వేస్తుంది. సిగ్గు వేయకుండా ఉండటానికే ఆ మాటలు పుట్టించారని నా నమ్మకం.

మొదటి ఉద్యోగం (ప్రొద్దుటూరు) – సోమవారం, రాత్రి 11.40

అక్కా, అన్నా, అందరికీ నమస్కారం. చాలాసార్లు రాసి చెరిపేశాను.

పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత డిగ్రీ. ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. మీటింగుల్లో 'బ్యాండ్‌విడ్త్', 'స్టేక్‌హోల్డర్', 'సినర్జీ' అని మాట్లాడుకుంటుంటే అందరికీ పని తెలుసు, నాకు ఒక్కదానికే తెలియదు అనుకుంటాను. అర్థం కాలేదని అడిగితే 'ఈ పల్లెటూరి పిల్లను ఎందుకు తీసుకున్నాం' అనుకుంటారని భయం. రాత్రి గదికి వచ్చి ఆ మాటలు ఒక్కొక్కటీ ఫోనులో వెతుకుతాను. వెతికాక తెలిసేదేమిటంటే, 'నాకు బ్యాండ్‌విడ్త్ లేదు' అంటే 'నాకు తీరిక లేదు' అని. ఇంతేనా అనిపించి ఏడుపు వచ్చింది.

గత వారం లెక్కల్లో ఒక తప్పు కనిపెట్టాను. ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కింది. చెప్పాలంటే ఆ భాషలో ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు వేరే ఆయన కనిపెట్టి చెప్పారు. ఆయనను మెచ్చుకున్నారు. మెప్పు పోయిందని కాదు నా బాధ. తెలిసి కూడా నోరు తెరవలేకపోయాను.

హంద్రీ – మంగళవారం, ఉదయం 6.15

చెల్లీ, రాత్రి డ్యూటీ దిగి ఇది చదివాను. 'ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కింది' అని ఇక్కడ రాశావు చూడు, అదే చెప్పాల్సిన మాట. దానికి ఇంకేమీ కలపనక్కరలేదు. రేపు ఇలాంటిది కనిపిస్తే బిల్లు నంబరు చేర్చి అదే వాక్యం పంపు.

కొండారెడ్డి బురుజు – మంగళవారం, ఉదయం 9.05

ప్రొద్దుటూరు చెల్లెలి పోస్టు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మొదటి రోజు నేను ఈ భాషను వెనకేసుకొచ్చాను. 'రోల్‌బ్యాక్' గురించి ఇప్పటికీ అదే అంటాను. మిగతాది వెనక్కి తీసుకుంటున్నాను, ఎందుకో కూడా చెబుతాను.

మూడేళ్ల కిందట మా విభాగంలో పద్నాలుగు మందిని తీసేయాలని పైనుంచి నిర్ణయం వచ్చింది. అందరికీ వెళ్లే మెయిల్ నన్ను రాయమన్నారు. నేను రాశాను. అందులో 'రిసోర్స్ ఆప్టిమైజేషన్' ఉంది, 'రైట్‌సైజింగ్' ఉంది, 'కొత్త అవకాశాల వైపు ప్రయాణం' ఉంది. 'తీసేస్తున్నాం' అన్న మాట ఎక్కడా లేదు. 'పద్నాలుగు' అన్న అంకె లేదు. ఎవరు నిర్ణయించారో లేదు. బాగా రాశావని మెచ్చుకున్నారు.

ఆ పద్నాలుగు మందిలో ఒకాయన ఆ మెయిల్ చదివి, ఏదో కొత్త ప్రాజెక్టుకు మారుస్తున్నారని అనుకున్నాడు. ఇంట్లో అలాగే చెప్పాడు. సోమవారం వచ్చి గేటు దగ్గర కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. నాకే ఫోను చేశాడు. "అన్నా, నా కార్డు పనిచేయడం లేదు, కాస్త చూస్తావా?" అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ వింటున్నాను. సూటిగా రాసి ఉంటే ఆయన ఉద్యోగం మిగిలేది కాదు, నిజమే. కానీ శుక్రవారమే తెలిసేది. ఇంట్లో కూర్చుని చెప్పుకునేవాడు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ముందు నిలబడి తెలుసుకునేవాడు కాదు.

మగ్గం తమ్ముడూ, నువ్వు ఉద్యోగం మానేశావు. నేను మానలేదు, మెయిల్ రాశాను. చేనిగట్టు గారు సిగ్గు గురించి చెప్పింది అక్షరాలా నిజం.

ధర్మవరం మగ్గం – మంగళవారం, ఉదయం 9.30

ఇది రాయడానికి ధైర్యం కావాలి అన్నా. ఆయనతో ఇప్పుడు మాటలున్నాయా?

కొండారెడ్డి బురుజు – మంగళవారం, ఉదయం 9.41

ఉన్నాయి. వేరే చోట చేరాడు. క్షమించమని అడిగాను, అదీ ఒక ఏడాది తర్వాత.

లేబర్ కోర్టు మెట్లు (అనంతపురం) – మంగళవారం, మధ్యాహ్నం 2.20

కార్మికుల కేసులు చూసే న్యాయవాదిని. పెన్న ఒడ్డు గారికి పనికొచ్చే ముక్క ఒకటి. ఇది మీరు యాజమాన్యాన్ని కొత్తగా అడుగుతున్న విషయం కాదు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా నడిచిన 1948 నాటి కర్మాగారాల చట్టం 108వ సెక్షన్‌లోనే ఉండేది: ఫ్యాక్టరీలో పెట్టాల్సిన నోటీసులు ఇంగ్లీషులోనూ, అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలి, లోపలికి వచ్చే దారి దగ్గర కనిపించేలా పెట్టాలి. అంతకు ముందే 1946లో వచ్చిన స్టాండింగ్ ఆర్డర్ల చట్టంలోనూ, పని నియమాలను కార్మికులకు అర్థమయ్యే భాషలో అతికించాలని ఉండేది. చట్టం అడిగింది తెలుగు లిపిని కాదు, అర్థమయ్యే భాషను. 'అలైన్ అయి ప్రొసీడ్ కాగలరు' అని తెలుగు అక్షరాల్లో రాస్తే అది తెలుగు అయిపోదు.

ఆ కుర్రవాడి విషయం వేరుగా నాకు మెసేజ్ పెట్టండి. ఏమి సూచన ఇచ్చారో రాతలో ఉంది కాబట్టి తప్పు అతనిదని నిలబెట్టడం వాళ్లకు అంత తేలిక కాదు.

పెన్న ఒడ్డు – బుధవారం, రాత్రి 10.50

వకీలు గారూ, మెసేజ్ పెట్టాను. అబ్బాయిని రేపు మీ దగ్గరికి తీసుకొస్తాను.

ఇవాళ మేనేజరు దగ్గర కూర్చున్నాను. చట్టం సంగతి చెప్పాను, పాత మెసేజ్ చూపించి "మీరు స్విచ్ దగ్గర ఉంటే ఏమి చేసేవారు?" అని అడిగాను. ఆయన రెండుసార్లు చదివి, "ఫోను చేసి అడిగేవాణ్ణి" అన్నారు. "మూడు వారాల కాంట్రాక్టు కుర్రవాడు ప్లానింగ్‌కు ఫోను చేయగలడా సార్?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత బోర్డు మీద నువ్వే రాయి అన్నారు. తాళాలు కూడా ఆరు తెప్పిస్తున్నారు. నేను రాసింది ఇది:

"3వ లైను కరెంటు ఆపాం. బెల్టు కింద మనిషి ఉన్నాడు. స్విచ్చుకు తాళం వేశాం, తాళంచెవి ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంది. ఆయన వచ్చి తాళం తీసేవరకు ఎవరూ స్విచ్ ముట్టవద్దు. ఎవరు వేయమన్నా వేయవద్దు."

దిద్దండి.

బ్రౌన్ బంగళా – గురువారం, ఉదయం 6.40

ఒక్క 'బడు' లేదు. దిద్దడానికి నాకేమీ కనిపించలేదు బాబూ.

గుత్తి కోట – గురువారం, ఉదయం 7.10

'బెల్టు కింద మనిషి ఉన్నాడు' అన్నదాన్ని మొదటి వాక్యం చేయండి. సగం చదివి వెళ్లిపోయేవాడికి కూడా అదే అందాలి.

మొదటి ఉద్యోగం – గురువారం, ఉదయం 8.20

అన్నా, ఒక సందేహం. 'ఎలక్ట్రీషియన్' అంటే ఏ షిఫ్టు ఎలక్ట్రీషియన్? షిఫ్టు మారితే ఇంకొకరు వస్తారు కదా. కొత్తగా చేరినవాళ్లకు ఎవరో తెలియదు.

పెన్న ఒడ్డు – గురువారం, రాత్రి 11.15

మార్చాను. మనిషి సంగతి మొదటి వరుసలోకి తెచ్చాను. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఆయన పేరు, ఫోను నంబరు సుద్దముక్కతో రాయడానికి కింద ఖాళీ గడి పెట్టించాను. షిఫ్టు మారినప్పుడు తాళంచెవి తీసుకున్నవాళ్లు పాత పేరు తుడిచి తమ పేరు రాయాలి. ప్రొద్దుటూరు చెల్లీ, ఆ గడి నీ ప్రశ్న వల్ల వచ్చింది.

సాయంత్రం ఆ బోర్డు ముందు కొత్తగా వచ్చిన ఒక హెల్పర్‌ను నిలబెట్టి, గుత్తి కోట సార్ చెప్పినట్టు, "ఏమి అర్థమైంది?" అని అడిగాను. "కింద మనిషి ఉన్నాడు, ముట్టకూడదు, ఈ పేరున్నాయన వస్తేనే" అన్నాడు. తర్వాత గడిలో ఉన్న పేరు చదివి, "ఈయన ఇప్పుడు ఎక్కడున్నాడు?" అని అడిగి, వెళ్లి మనిషిని చూసి వచ్చాడు.

ఎలక్ట్రీషియన్ ఒకటో తేదీన పనిలోకి వస్తున్నాడు.